చేట చాటున రాజుగారు

వెదురు తోపు కొట్టేసి ఏనుగుల శాల కట్టాలన్నారు తుమ్మలకోట రాజుగారు. ఏడుగురు మంత్రులూ "చిత్తం" అన్నారు. ఆ వెదురుతో బుట్టలల్లుకుని బతికే నూకాలమ్మ సభకొచ్చి మొత్తుకుంది.

"సభంతా ఒప్పుకుంది కదమ్మా!" అన్నారు రాజుగారు.

"అయితే ఈ చేట మొహానికి అడ్డం పెట్టుకుని ఇంకోసారి అడగండి దొరా," అంటూ సింహాసనం పక్కకొచ్చి తానల్లిన చేట అందించింది నూకాలమ్మ.

రాజుగారికి సరదా పుట్టింది. చేట చాటునుంచి, "నా మనసు మారిందేమో! ముందు మీరు చెప్పండి. తోపు కొట్టాలా, వద్దా?" అన్నారు.

మంత్రులు మెడలు సాచి చేట వెనక్కి తొంగిచూడబోయారు. చివరికి పెద్దమంత్రి నూకాలమ్మ వైపు వంగి, "అమ్మా, నీకు అటునుంచి కనిపిస్తోందిగా... ప్రభువులు నవ్వుతున్నారా, చిరాగ్గా ఉన్నారా?" అని గొణిగాడు.

చేట వెనకనుంచి జవాబొచ్చింది: "నవ్వాలో ఏడవాలో నాకే తెలీడం లేదయ్యా! ఆ తోపు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి."