ఇనుము దాచుకున్న పగులు

ఒకప్పుడు ఇనుముకి అలుపంటే ఏమిటో తెలియదు. రాయి అరిగేది, తాడు పురి విప్పుకునేది, ఎద్దులు కూలబడేవి. ఇనుము మాత్రం లేని మీసం మెలేస్తూ కూర్చునేది.

ఆ రోజుల్లో నూకరత్నం అనే ఆమెకి చెరకు గానుగ ఉండేది. ఎద్దులు చుట్టూ నడిస్తే ఇరుసు తిరిగేది, చెరకు నలిగి రసం కారేది. ఆ ఇరుసు తుమ్మకర్ర. కాస్త కష్టమైతే చాలు, కిర్రుమనేది. వెంటనే నూకరత్నం ఎద్దుల్ని ఆపి, ఆముదం రాసి, "ఉండుండు తుమ్మయ్యా, ఊపిరి పీల్సుకో" అనేది. కిర్రుమంటే విశ్రాంతి, అదీ ఆ గానుగ పద్ధతి.

మూలనున్న ఇనపకడ్డీకి ఇది చూస్తే ఒళ్లు మండేది. "అమ్మా, వీడి మూలుగులు వినలేకపోతున్నాను. నన్ను పెట్టి చూడు. కిక్కురుమంటే ఒట్టు."

ఆ ఏడు చెరకు విరగపండింది. కొట్టిన చెరకు ఎండలో పడుంటే పులిసిపోతుంది, పులిసిన రసం బెల్లం కట్టదు. ఏడాది కష్టం నేలపాలవుతుందన్న భయంతో నూకరత్నం తుమ్మయ్యని దింపి, ఇనపయ్యని ఎక్కించింది.

ఇరుసు మీద పడేవాళ్లు ఇద్దరు. చెరకు దూర్చగానే బరువు వచ్చి వంచుతాడు. ఎద్దులు లాగగానే మెలిక వచ్చి పిండుతాడు. తుమ్మయ్య వాళ్లని వంతులవారీగా రమ్మని బతిమాలుకునేవాడు.

"వంతులేమిటి, చిన్నపిల్లల్లాగా?" అన్నాడు ఇనపయ్య. "ఇద్దరూ కలిసే రండి."

వాళ్లదేం పోయింది, కలిసే వచ్చారు. కొన్నాళ్లకి ఇనపయ్య భుజం మీద వెంట్రుకంత గీత పడింది. ఆ గీత సన్నగా మాట్లాడింది.

"నేను పగులుని. బరువు నా నోరు తెరుస్తాడు, మెలిక నన్ను పక్కకి జరుపుతాడు. ఇద్దరూ కలిసి వచ్చిన ప్రతిసారీ నేను కొంచెం లోపలికి జరుగుతాను. అమ్మకి చెప్పేస్తావా?"

ఇనపయ్య తుమ్మయ్య వైపు చూశాడు. వాడు గోడకి ఆనుకుని తీరిగ్గా ఎండ కాచుకుంటున్నాడు. చెబితే వాడు నవ్వడూ?

"చప్పుడు చెయ్యకుండా ఉంటావా?" అన్నాడు ఇనపయ్య.

"నువ్వు దాస్తే నేను నోరెత్తను. కానీ ఎప్పటికీ మీ ఇనుములోనే కాపురం ఉంటాను."

"సరే," అన్నాడు. ఆ ఒక్క మాటతో పగులుకి ఇనుములో ఇల్లు దొరికింది.

కిర్రుమనలేదు కాబట్టి నూకరత్నం ఎద్దుల్ని మార్చిందే గాని ఇరుసుని ఆపలేదు. "మా ఇనపయ్య బంగారం, మూలుగన్న మాటే లేదు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పి, ఇంకో నాలుగు గడలు ఎక్కువే దూర్చేది. ఆ పొగడ్తకి ఇనపయ్య పొంగిపోయేవాడు. లోపల మాత్రం నొప్పి మెలిపెట్టేది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన మాటని ప్రతిసారీ మింగేసేవాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, వాకిట్లో చెరకు కొండలా ఉండగా, ఇనపయ్య టంగుమని రెండు ముక్కలయ్యాడు.

నూకరత్నం నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. తర్వాత విరిగిన ముక్క చేతిలోకి తీసుకుంది. ఆల్చిప్ప మీద ఉన్నట్టు గీత వెనక గీత, గీత వెనక గీత. చివర్న, ఇప్పుడే తెగిన కొంచెం చోటు మాత్రం గరుగ్గా ఉంది.

"ఇది ఇయ్యాల ఇరిగింది కాదు," అంది. "ఇన్నాళ్లూ నొప్పెడతంటే సెప్పొద్దేటయ్యా? నీ లోపలికి తొంగి సూడ్డానికి నానేటి దేవతనా?"

"తుమ్మయ్య నవ్వుతాడనుకున్నానమ్మా," అన్నాడు ఇనపయ్య.

తుమ్మయ్య నవ్వలేదు. "నన్ను లేపండి ముందు, చెరకు పులుస్తోంది," అన్నాడంతే. ఆగుతూ, మూలుగుతూ, ఆముదం తాగుతూ చెరకంతా ఆడేశాడు. అడుగున ఉన్న కాస్త పులిసింది గాని, మిగిలిందంతా బెల్లమైంది.

ఇనపయ్యని కొలిమిలో కాల్చి అతికించారు. కానీ మాట మాటే. పగులు ఇనుముని వదిలి పోనంది. అందుకని నూకరత్నం రోజూ పొద్దున్నే చిన్న సుత్తితో వాడి భుజం మీద తట్టి, చెవి ఒగ్గి వినేది. ఖంగుమంటే పని. బొంగురుగా పలికితే కొలిమి.

అప్పటినుంచే ఇనుముకి అలుపొస్తోంది, పగులు చడీచప్పుడు లేకుండా దాని లోపల గీతలు గీసుకుంటూ పాకుతోంది. అప్పటినుంచే పనివాళ్లు ఇనుముని తట్టి చూస్తున్నారు. కర్రకి నొప్పెడితే తనే చెబుతుంది. ఇనుముని మాత్రం మనమే అడగాలి.