గంపలవారి దారి బత్తెం

అమ్మలారా, అయ్యలారా, ముందుగా ఆ బూరుగుకొండ నరసన్నకి మనసులో ఒక దణ్ణం పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇక వినండి. ఉగ్రరూపం కదా, ఆ స్వామి నవ్వగా ఎవరూ చూడలేదంటారు. కానీ గంపలవారు కొండకి వచ్చిన రోజున మాత్రం ఆయన మీసాల చాటున నవ్వే ఉంటాడని నా నమ్మకం.

ఊడుగులపాలెంలో గంపలవారి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊరు అన్నది కాదు, వాళ్ళే అనుకున్నది. ఇంటి పెద్ద సన్యాసమ్మ. ఆమెకి ఇద్దరు కొడుకులు, పైడిరాజు, నూకరాజు. పైడిరాజు పెళ్ళాం గౌరమ్మ. నూకరాజుకి ఇంకా పెళ్ళి కాలేదు. తమ తెలివికి సరితూగే సంబంధం చుట్టుపక్కల దొరకలేదని వాళ్ళ బాధ. "మాకు ఒక్క మాట చెబితే చాలు, అక్షరం పొల్లుపోనివ్వం" అని పైడిరాజు రచ్చబండ దగ్గర రొమ్ము విరుచుకునేవాడు. అది మాత్రం అబద్ధం కాదు. అక్షరం పొల్లుపోనిచ్చేవాళ్ళు కాదు. అదే వచ్చిన చిక్కు.

ఆ ఏడు సన్యాసమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. నొప్పి తగ్గితే కొండకొస్తానని ఆమె స్వామికి మొక్కుకుంది. ఊరికే వస్తానని కాదు. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ ఇల్లు చేరేదాకా ఇంటి వంట తప్ప మరో మెతుకు ముట్టనని మొక్కుకుంది. ముట్టిందా, పోయిన నొప్పులు చిరునామా వెతుక్కుంటూ తిరిగి వస్తాయని ఆమె భయం. కొండకి ఎద్దుబండి మీద మూడు రోజుల దారి. పోను మూడు, రాను మూడు. ముసలిప్రాణం అన్నాళ్ళు నిలవాలంటే వంట నిలవాలి.

అందుకని గౌరమ్మ పక్కింటి కామేశ్వరమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళింది. ఆవిడ కాశీ నుంచి రామేశ్వరం దాకా తిరిగొచ్చిన మనిషి. దారి బత్తెం కట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పిన్ని గౌరమ్మని పక్కన కూచోబెట్టుకుని అన్నీ వివరంగా చెప్పింది. వేడి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చారెడు మజ్జిగ కలిపి పెట్టు, మధ్యాహ్నానికి కమ్మటి పెరుగన్నం అవుతుంది, కుండ మాత్రం కదపకూడదు. చింతపండు పులిహోర చెయ్యి, రెండు రోజులుంటుంది. చేగోడీలు డబ్బాలో పొయ్యి, గాలి తగలకూడదు. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టు, తడి తగలకూడదు. చివరగా, "ఇల్లు వదిలేటప్పుడు తాళం మర్చిపోకే తల్లీ" అంది.

గౌరమ్మ దారి పొడుగునా వల్లించుకుంటూ ఇంటికొచ్చి అందరికీ అప్పజెప్పింది. తెల్లవారుజామున లేచి అన్నీ చేసింది. చేతి వంటకి ఏం వంక లేదు, వాసనకే వీధిలో పిల్లులు వరుస కట్టాయి. తాళం కూడా మర్చిపోలేదు. తలుపు మీంచి ఊడదీసి, చెవితో సహా మూటగట్టి, బండిలో అందరికంటే ముందు అదే ఎక్కించింది. తలుపు బార్లా తీసే ఉంది.

అందరూ ఎక్కారు. పైడిరాజు ఎద్దుల్ని అదిలించబోయి ఆగిపోయాడు.

"కుండ కదపకూడదన్నారు కదూ? బండి కదిలితే కుండ కదలదూ?"

ఇంత సూక్ష్మం తమకి తట్టనందుకు మిగతా ముగ్గురూ సిగ్గుపడ్డారు. ఇంకేముంది, ఎద్దుల్ని విప్పేశారు. కాడి కింద రాళ్ళు పెట్టి, బండి కదలకుండా చక్రాలకి అడ్డం వేసి, నలుగురూ బండిలోనే ఊపిరి బిగబట్టి కూచున్నారు. పొలానికి పోయేవాళ్ళు ఇంకా బయల్దేరలేదా అని అడిగితే, బయల్దేరాం, కదలడం లేదంతే అని నూకరాజు గుసగుసగా జవాబు చెప్పాడు.

మధ్యాహ్నమైంది. మూత తీస్తే వెన్నలాగా తోడుకుంది పెరుగన్నం. సన్యాసమ్మ ఆకు పరుచుకుని కూచుంది. గౌరమ్మ గరిటె పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది. గరిటె పెడితే అన్నం కదులుతుంది, అన్నం కదిలితే కుండ కదులుతుంది. కదపకుండా తీసేదెట్లా అని నలుగురూ కుండకి వీపు పెట్టి, తల మీద చేతులు పెట్టుకుని ఆలోచించారు. వెనక నుంచి ఎర్రెద్దు వచ్చింది. మూతి కుండలో పెట్టింది. జుర్రున ఒక్క చప్పుడు, అంతే. వాళ్ళు తిరిగి చూసేసరికి కుండ అడుగు తళతళలాడుతోంది.

పైడిరాజు వంగి కుండ కింద చూశాడు. పెట్టినచోటి నుంచి నూలుపోగంత జరగలేదు. "చూశావుటమ్మా, మన ఎద్దుకున్న ఒడుపు. ఎంతైనా మనింటి పెంపకం" అని మురిసిపోయాడు. సన్యాసమ్మ పరిచిన ఆకు తీసి మడిచి, చెంబుడు నీళ్ళు తాగింది. బండి కదిలింది.

సాయంత్రం ఒక తోపు దగ్గర ఆగారు. కొడుకులూ కోడలూ దారిలో అరటిపళ్ళు కొనుక్కుని తిన్నారు, వాళ్ళకేం మొక్కు లేదుగా. ముసలావిడకి కడుపులో మంట మొదలైంది. నాయనా, ఒక్క ముద్ద పులిహోర పెట్టించమని అడిగింది. నూకరాజుకి జాలేసింది. కానీ లెక్క లెక్కే.

"అది రెండు రోజులుంటుందన్నారు పిన్ని. ఇంకా ఒక్క పూటే కదా అయ్యింది. బతకాల్సిన రోజులున్నదాన్ని ముందే పొట్టన పెట్టుకుంటే పాపం కాదుటమ్మా?"

పాపం అనేసరికి సన్యాసమ్మ లెంపలేసుకుంది. పులిహోర మూటకి దణ్ణం పెట్టి, ఈ రోజు ఏకాదశి అనుకుంటానులే అని పడుకుంది.

మర్నాడు పొద్దున్నే చేగోడీల డబ్బా తీశారు. మూత మీద చెయ్యి వేశారో లేదో, కాలవ మీంచి చల్లగా గాలొచ్చింది. గౌరమ్మ డబ్బా మీద బోర్లా పడింది. చెట్టు కింద చూశారు, గాలి. గట్టు వెనక చూశారు, గాలి. ఊరు దాటిన దగ్గర్నుంచి ఎక్కడ చూసినా ఒకటే గాలి. అప్పుడు నూకరాజు డబ్బా లేకుండా ఒక్కడే గొంగళి ముసుగు పెట్టి చూశాడు. కాసేపటికి మొహం కందిపోయి, రొప్పుతూ బయటికొచ్చాడు.

"దివ్యంగా ఉందే అమ్మా. లోపల గాలి బొత్తిగా లేదు. చావు తప్పింది."

అంతే, సన్యాసమ్మని, డబ్బాని కలిపి గొంగళి కింద దూర్చి నాలుగు అంచులూ తొక్కి పట్టారు. పాపం, ఆవిడ మూత తియ్యకముందే రెండు చేతులూ ఆడించుకుంటూ పైకి లేచింది. లేచి, నింపాదిగా ఒక సంగతి చెప్పింది. ఆవిడ తెలివి అట్లాంటిది. తినాలంటే ఊపిరి తియ్యాలి, ఊపిరంటే గాలే కదా, మరి చేగోడీకి తగలదూ? కొడుకులు తల్లి కాళ్ళకి మొక్కినంత పని చేశారు.

ఇంత ప్రమాదం ఉందని తెలిశాక డబ్బాని గాల్లో ఎట్లా ఉంచుతారు? గాలి చొరబడని చోటు ఏదా అని వెతికితే పక్కనే కాలవ కనిపించింది. నీళ్ళలో గాలుండదు, అందుకేగా మనుషులు మునిగిపోయేది. డబ్బాకి రాయి కట్టి దింపారు. జాము గడిచాక పైకి లాగి చూస్తే చేగోడీలన్నీ కలిసి ఒకే అంబలి అయ్యాయి. అందులో రెండు చేపపిల్లలు ఈదుతున్నాయి. ముసలావిడ శాకాహారి. అయినా గాలి మాత్రం సుతరామూ తగల్లేదని అందరూ ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది ఆవకాయ. వట్టి ఆవకాయైనా సరే, నాలిక మీద ఇంత పెట్టండిరా అంది సన్యాసమ్మ. అప్పటికి ఆవిడ గొంతు ఈగ రొదంత అయ్యింది. పెడదామనే గౌరమ్మ గుడ్డ విప్పబోయి, అత్తగారి నాలిక వంక చూసింది. అది తడిగా ఉంది. తన నాలిక చూసుకుంది. అదీ తడే. గంపలవారి నాలికలన్నీ తడిగానే తేలాయి.

నాలికలు ఆరబెట్టడం తప్ప దారి కనపడలేదు. నలుగురూ మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన తూర్పు మొహంగా బాసింపట్టు వేసుకుని, నాలికలు బారెడు చాపి ఎండలో కూచున్నారు. కొండకి పోయే యాత్రికులు చూశారు. ఇదేదో గొప్ప మొక్కు అనుకుని ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరు ముత్తైదువలు సన్యాసమ్మకి పసుపు రాశారు. ఇంకో ఆరుగురు, మాకూ నొప్పులున్నాయంటూ పక్కనే కూచుని నాలికలు చాపారు. అడిగితే ఏం మొక్కో చెప్పడానికి ఒక్కరి నాలికా ఖాళీగా లేదు.

ఎండ పని ఎండ చేసింది. నాలికలు పెంకుల్లా ఎండాయి. ఆ క్షణం కోసమే చూస్తున్న గౌరమ్మ గబగబా జాడీ మూత తీసింది. కొత్తావకాయ, పప్పునూనె, ఆవపిండి ఘాటు. ఆ వాసన తగలగానే ఇంకేముంది, నలుగురికీ నోరూరి గడ్డాల మీదికి కారింది. పక్కనున్న ఆరుగురికి కూడా. గౌరమ్మ ఉలిక్కిపడి మూత పెట్టేసి, జాడీని ఒళ్ళో దాచుకుని ఏడ్చింది.

మూడో రోజు పొద్దున పులిహోరకి రెండు రోజులూ నిండాయి. అందరూ స్నానం చేసి మూట విప్పారు. విప్పిన వేగంతోనే ముక్కులు మూసుకున్నారు. మెతుకు మెతుక్కీ బూజు. పైడిరాజు మాత్రం పిన్ని మీద గురి పోగొట్టుకోలేదు.

"మాటంటే ఆవిడది. రెండు రోజులుంటుందంది, ఉంది. తర్వాత సంగతి ఆవిడ చెప్పలేదుగా" అన్నాడు. మూటని పసుపూ కుంకుమా చల్లి కాలవలో కలిపారు.

బండి కొండ చేరింది. సన్యాసమ్మ కొడుకుల భుజాల మీద వేలాడుతూ మెట్లెక్కింది. నరసన్న ఎదట నిలబడి, నాయనా, మాట తప్పలేదు, ముద్ద దొరకలేదు, ఇంటిదాకా ప్రాణం నిలిపే పూచీ నీదే అని చెప్పుకుంది. నవ్వకండి. ఆ మాట విని గర్భగుడిలో హారతి ఇస్తున్న పంతులుగారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

హారతి అయ్యాక పంతులుగారే ఆమెని చేయి పట్టి వెనక వైపున్న భోజనశాలకి తీసుకెళ్ళారు. పొగలు కక్కే పప్పూ అన్నం, నెయ్యి, బెల్లం పరవాన్నం. ఆమె తల అడ్డంగా ఊపింది. మొక్కు చెప్పింది. ఇంటి వంట కాదుగా బాబూ అంది.

"ఎవరన్నారమ్మా? లోపల ఉన్నది నీ తండ్రి. ఇది నీ ఇల్లు. తండ్రి ఇంట్లో వండింది ఇంటి వంట కాక మరేమిటి?"

సన్యాసమ్మ గోడల వంక చూసింది, దూలాల వంక చూసింది. తన ఇల్లు ఇంత పెద్దదని ఇన్నాళ్ళూ తనకే తెలియలేదు. కళ్ళొత్తుకుని పీట మీద కూచుంది. మూడు సార్లు మారు అన్నం పెట్టించుకుంది. పరవాన్నం గిన్నె కూడా వేలితో నాకింది. స్వామి పూచీ పడ్డాక లోటుంటుందా అమ్మా? తిరుగు ప్రయాణానికి ఆ ఇంటి వంటే మూటగట్టించి, పంతులుగారు కాసేపు నడుం వాలుస్తానని శాల మూలన కండువా పరుచుకున్నారు.

గంపలవారు చేతులు కడుక్కుని బయటికొచ్చారు. గౌరమ్మ మెట్టు మీద ఆగిపోయింది. ఎదురుగా దుకాణం కట్టేసి పోతున్న బొమ్మలాయన తలుపుకి తాళం బిగిస్తున్నాడు. ఇప్పుడు తెలిసింది ఆమెకి. తాళం తలుపుకి వెయ్యాలన్నమాట. ఇల్లు వదిలేటప్పుడు తాళం మర్చిపోవద్దని పిన్ని మరీమరీ చెప్పింది కదా. ఇప్పుడు వదులుతున్నది ఇల్లే కదా. అంతే, బండి దగ్గరికి పరిగెత్తి మూట విప్పి, తాళం తెచ్చి భోజనశాల తలుపుకి వేసింది. పైడిరాజు రెండుసార్లు లాగి చూశాడు. చెవిని తడి తగలకుండా ఆవకాయ జాడీలో దాచారు.

బండి పది గజాలు పోయిందో లేదో, వెనక తలుపు మీద దబదబా చప్పుడు. తలుపు తియ్యండని ఎవరో కేకలు. సన్యాసమ్మకి కోపమొచ్చింది. ఇల్లు తనదని తెలిసిన పూటే చుట్టాలు. నూకరాజుని వెళ్ళి కనుక్కోమంది.

నూకరాజు తిరిగి వెళ్ళి, తలుపుకి చెవి ఆనించి ఎవరండీ అని అడిగాడు. నేనయ్యా, పంతుల్ని అని లోపల్నుంచి జవాబొచ్చింది.

నూకరాజు చేతులు జోడించాడు. "పంతులుగారా, ఇంట్లో ఎవరూ లేరండీ. మేం ఊరెళ్తున్నాం, తాళం వేసుంది చూళ్ళేదా? పై ఏడు రండి."