నల్ల చొక్కా వేసుకునే రోజు

ఆదోనిలో ఫొటో స్టూడియో నడిపే ఖాదర్‌బాషా మాస్టారికి ఒక అలవాటుండేది. సీసాలకి ఫొటో తీసే పని వచ్చిన రోజున, ఎంత మండే ఎండాకాలమైనా సరే, మెడదాకా గుండీలు పెట్టుకుని నల్ల చొక్కా వేసుకునేవారు. అదేదో మొక్కుబడి అని ఊళ్లోవాళ్లు అనుకున్నారు. శిష్యురాలు శివలీల కూడా అలాగే అనుకుంది. అనుకోవడంలో ఉన్న సుఖం అదే కదా, ఇక అడిగే పనుండదు!

శివలీల పత్తి మిల్లులో పని మానేసి ఫొటోలు నేర్చుకోవడానికి వచ్చిన మనిషి. "ఆర్నెల్లు చూస్తా, చేతగాకపోతే మళ్లీ మిల్లుకే" అని వాళ్ల నాన్న గడువు పెట్టాడు. ఆ గడువు చివరి వారంలో మాస్టారు ఆమెకు సొంతంగా ఒక పని అప్పజెప్పారు. నన్నారి షర్బత్ సీసాకి ఫొటో తియ్యాలి. షర్బత్ తయారుచేసే వీరభద్రప్ప ఆమె తీసిన ఫొటోలు రెండుసార్లు చూసి, రెండుసార్లూ మొహం చిట్లించాడు.

"ఇది షర్బత్తా, కషాయమా? రేపు మధ్యాహ్నానికి సరిగ్గా రాకుంటే బెంగళూరోళ్లకి ఇచ్చేస్తా" అనేసి పోయాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మర్నాడు ఏడింటికే శివలీల స్టూడియో తాళం తీసింది. పెద్ద పనున్న రోజు కాబట్టి, అచ్చొచ్చిన పసుపుపచ్చ చుడీదారే వేసుకొచ్చింది. సీసా మీదికి రెండు లైట్లు తిప్పింది, చాల్లేదు. మూడోది పెట్టింది, నాలుగోది పెట్టింది. పెట్టినకొద్దీ సీసా మరీ అధ్వాన్నమైంది. పది దాటేసరికి ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"సార్, ఇంకెన్ని లైట్లు పెడితే మెరుస్తుంది ఈ ముదనష్టపు సీసా?"

మాస్టారు నల్ల చొక్కాలో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. "సీసాలో ఏమేం కనబడతా ఉన్నాయో చూసి చెప్పు" అన్నారు.

ఆమె వంగి చూసింది. "లైట్లు నాలుగు, కిటికీ, నిచ్చెన, మీ టీ గ్లాసు…"

"షర్బత్తో?"

శివలీల లేచి లైట్లన్నీ ఆర్పేసింది. కిటికీ మూసింది, నిచ్చెన బయట పెట్టింది. ఒకే ఒక్క లైటు తీసి, సీసా మీదికి కాకుండా దాని వెనకాల కట్టిన తెల్లగుడ్డ మీదికి తిప్పింది. అంతే, షర్బత్ లోపలినుంచి ఎర్రగా వెలిగింది. అంచులు మాత్రం ఆ తెలుపులో కలిసిపోయాయి. చెరోపక్కా ఒక నల్ల అట్ట నిలబెడితే, సీసా అంచంతా కాటుకతో గీసినట్టు తేలింది. హమ్మయ్య అనుకునేలోపల, సీసా పొట్ట మీద ఒక పసుపుపచ్చ చార కనబడింది.

గుడ్డతో తుడిచింది. సీసా మార్చింది. చార పోలేదు. విసుగ్గా పక్కకి జరిగితే అదీ జరిగింది. ఆగితే ఆగింది. శివలీల తన చుడీదార్ వంక చూసుకుంది, తలెత్తి మాస్టారి చొక్కా వంక చూసింది. మాస్టారు టీ తాగుతూనే ఉన్నారు.

ఆమె తలుపు వెనక వేలాడుతున్న నల్ల దుప్పటి తీసి నిలువునా కప్పుకుంది. కెమెరా కన్నుకీ తన కన్నుకీ సందు వదిలి, చెమటలు కారుతుండగా ఫొటో తీసింది.

మధ్యాహ్నం వీరభద్రప్ప వచ్చి ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. గుటక మింగాడు.

"ఒక గ్లాసు నీళ్లియ్యమ్మా, దప్పికయితా ఉంది" అన్నాడు. నీళ్లు తాగాక, "ఇదే అచ్చేయిస్తా" అని ఫొటో తీసుకుని వెళ్లాడు.

శివలీలకి ఎగిరి గంతేయాలనిపించింది. దాంతోపాటు ఒళ్లు మండింది కూడా.

"ఆర్నెల్లనుంచి ఆ చొక్కా ఏసుకుంటా ఉన్నారే సార్, ఎందుకో ఒక్క మాట చెప్పుంటే మీ సొమ్మేం పోయేది?"

మాస్టారు మెడ దగ్గర గుండీ విప్పుకున్నారు.

"చెప్పుంటే, నువ్వూ ఒక నల్ల చొక్కా కుట్టించుకునేదానివమ్మా. అంతే."