నాలుగో తీగ

హెప్సిబా ఆ రోజు డబుల్ బేస్‌ను తిరిగి ఇచ్చేయడానికే గమలియేలు మాస్టారి ఇంటికి వచ్చింది. వయొలిన్ ఆకారంలోనే ఉండే, మనిషికంటే ఎత్తైన వాయిద్యం. దాన్ని వీపున వేసుకుని రెండంతస్తుల మెట్లు ఎక్కుతూ, మలుపు మలుపుకీ ఆగి, ఇదే ఆఖరిసారి అనుకుంది.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. ఆ సంచీని చూసి ఆటోవాళ్లు "లోపల మనిషున్నాడా అమ్మా?" అని నవ్వేవాళ్లు. ఆమే ముందు నవ్వేది. ఫిబ్రవరి తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు. ఫిబ్రవరిలో ఆమె తమ్ముడు సీలాసు చనిపోయాడు.

వాడు పోయిన రోజు, బేస్‌కి కొత్త తీగలు వచ్చాయని కొరియర్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వెళ్లి తెమ్మని తమ్ముడికి చెప్పింది. సాయంత్రం వెళ్తానన్నాడు వాడు. "ఒక్క పని చెప్తే కొండలు మొయ్యమన్నట్టు చేస్తావేంరా" అంది. వాడు చెప్పులు వేసుకుని బండి మీద వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు వంతెన కింద లారీ కొట్టింది. బండి నుజ్జునుజ్జయింది. తీగల పొట్లం మాత్రం చెక్కు చెదరలేదు. దాన్ని పోలీసాయన ఆమె చేతికే ఇచ్చాడు.

ఆ నాలుగు తీగలే ఇప్పుడు బేస్ మీద ఉన్నాయి. పారెయ్యడానికి చెయ్యి రాక బిగించింది. బిగించాక వాటిని ముట్టుకున్నప్పుడల్లా వేళ్లు కొంగుకు తుడుచుకునేది.

గమలియేలు మాస్టారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు మద్రాసులో సినిమా రికార్డింగులకు బేస్ వాయించాడు. కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయాక ఆ బేస్‌ను హెప్సిబా చేతుల్లో పెట్టి, తొమ్మిదేళ్లు కూర్చోబెట్టి నేర్పాడు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని ఎవరైనా పొగిడితే, "ఇంకా చావలేదు కదా, సగం వేసుకోండి" అనేవాడు.

తలుపు తీసి, ఆమె మొహం చూసి, కుర్చీ జరిపాడు.

"శనివారం తమ్ముడి జ్ఞాపకార్థ కూడిక మాస్టారూ. వాడు రాసిన సంగీతమే వాయిస్తున్నాం. అది అయ్యాక ఇంక నేను వాయించను. బేస్ మీ దగ్గరే పెట్టేసుకోండి."

"సరే. ముందు వినిపించు."

సీలాసు రాసింది నలుగురి కోసం. వయోలా, ఫ్లూటు, పియానో, బేస్. సంగీతమంటే పాట అనుకునేవాళ్లకు అది సంగీతమే కాదు. ఒకసారి చర్చి హాల్లో సాధన చేస్తుంటే సంఘపెద్ద తొంగిచూసి, "ఆ తలుపు బందులకు కాస్త నూనె వేయించండర్రా" అని వెళ్లాడు. సీలాసు రెండు రోజులు అదే తలుచుకుని నవ్వాడు. వాడికి బేస్ అంటే పిచ్చి. కమానును తీగ మీద కాకుండా చెక్క అంచున రాయించేవాడు, అప్పుడు ఊపిరి ఆడినట్టు వినిపించేది. వేలి కణుపులతో పలక మీద తట్టించేవాడు. గూడ్సు బండి పోతుంటే తమ ఇంటి కిటికీ ఊచలు చేసే చప్పుడు కావాలని, లావు తీగ మీద కమానును పావుగంట లాగించాడొకసారి. ఇప్పుడు పియానో దగ్గర ఎవరూ కూర్చోరు. అది సీలాసు చోటు.

ఆఖరి పేజీలో స్వరాలు లేవు. పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసి ఉంది: "ఇక్కడ బేస్ ఒక్కటే. ఎలా ముగించాలో అక్కని అడగాలి."

అడగలేదు. అడిగే లోపలే తీగల కోసం వెళ్లాడు.

హెప్సిబా తనంతట తానే ఒక ముగింపు ఆలోచించుకుంది. కమాను లాగుతూనే, ఎడమచేత్తో బిరడా తిప్పి మొదటి తీగను వదులు చేసింది. స్వరం జారింది, వణికింది, మూలిగింది, ఆగిపోయింది. రెండో తీగ. మూడోది. గదిలో గాలి కూడా కిందికి దిగిపోయినట్టనిపించింది. నాలుగో తీగ బిరడా మీద చెయ్యి పెట్టి ఆగింది.

"ఏమ్మా, ఆపావు?"

"ఇది కూడా వదిలేస్తే లోపలి కర్ర పడిపోతుంది కదా మాస్టారూ. శనివారం ఎలాగూ ఆఖరు కాబట్టి అప్పుడు వదులుతాను."

బేస్ నేర్చుకునేవాళ్లకు మొదటి రోజు పాఠం అదే. వాయిద్యం కడుపులో చూపుడువేలంత లావున ఒక కర్ర నిలబడి ఉంటుంది. ముందు పలక మోతను వెనక పలకకు చేరవేసేది అదే. దానికి జిగురు పెట్టరు, మేకు కొట్టరు. బిగువుగా ఉన్న తీగలు ముందు పలకను నొక్కుతాయి, ఆ నొక్కుడుకే అది నిలబడుతుంది. అందుకే తీగలు మార్చేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి మార్చాలి తప్ప నాలుగూ ఒకేసారి వదలకూడదు.

"శనివారం దాకా ఎందుకు? ఇప్పుడే వదులు" అన్నాడు మాస్టారు.

"పడిద్ది మాస్టారూ."

"పడనీ."

ఆమె ఆయన వంక చూసింది. ఆయన వేళాకోళం ఆడటం లేదు. లేచి వచ్చి, తీగలను మోసే బ్రిడ్జి చెక్క ఒరిగిపోకుండా కొంకరపోయిన చేతిని అడ్డం పెట్టాడు. హెప్సిబాకు ఒక్కసారి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. బిరడాను గిరగిరా తిప్పేసింది.

లోపల టక్కుమంది. ఆ తర్వాత ఏదో దొర్లింది.

చిన్న చప్పుడే. కానీ ఆమె కింద కూలబడి ఏడ్చింది. ఫిబ్రవరి నుంచి చుట్టాల ముందు, పాస్టరుగారి ముందు, తల్లి ముందు రాని ఏడుపు అది. తానే చంపానంది. కొండలు మొయ్యమన్నట్టు చేస్తావని అన్నానంది. ఏడుపు తగ్గేదాకా మాస్టారు బ్రిడ్జి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"బయటికి తియ్యి దాన్ని" అన్నాడు తర్వాత.

బేస్‌ను దుప్పటి మీద పడుకోబెట్టి, పక్కకి వంచి కుదిపితే, మోత బయటికి రావడానికి ముందు పలకలో కోసిన చీలిక దగ్గరికి దొర్లుకొచ్చింది కర్ర. వేళ్లతో లాగింది. తొమ్మిదేళ్లు దాని మీద ఆధారపడి వాయించింది కానీ చూడటం అదే మొదలు. పాతబడి తేనెరంగుకు తిరిగింది. దాని మీద పెన్సిల్‌తో రాసిన తేదీలు రెండున్నాయి. రెండూ మాస్టారి చేతిరాతే.

పైది 9-7-1983. కింది తేదీ 2-11-2009.

ఆమె తలెత్తి గోడకేసి చూసింది. మాస్టారి భార్య ఫొటో కింద మరణం 30-10-2009 అని ఉంది. పక్కనే నాలుగైదేళ్ల పాప ఫొటో. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు. దాని కింద ఏమీ రాయలేదు. ఆ పాప ఎవరని తొమ్మిదేళ్లలో ఆమె ఒక్కసారీ అడగలేదు.

ఆమె చూపు మళ్లీ కర్ర మీది పై తేదీకి వెళ్లింది.

మాస్టారు బైబిలు పక్కనున్న పెన్సిల్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇవాళ్టి తేదీ వెయ్యి."

వేసింది. అంకెలు వంకర టింకరగా వచ్చాయి.

"ఇక నిలబెట్టు."

"మీరు..."

"నా వేళ్లతో ఏమైద్ది? నువ్వే."

వంకర ఇనపచువ్వ కొనకు కర్రను గుచ్చి, చీలికలోంచి లోపలికి పంపి, టార్చి వెలుగులో గురి చూసి నిలబెట్టాలి. మొదటిసారి పడిపోయింది. రెండోసారి నిలబడ్డట్టే నిలబడి పడింది. ఆ తర్వాత ఆమె లెక్కపెట్టుకోలేదు. మెడ పట్టేసింది, చీలిక అంచులు గీసుకుని ముంజేతిమీద రక్తం కారింది. మాస్టారు పక్కన పీట మీద కూర్చుని "ఎడమకి... కాస్త వెనక్కి..." అంటున్నాడు అంతే.

"జిగురు పెట్టి అంటించేస్తే పోలేదా మాస్టారూ? మళ్లీ పడకుండా ఉంటుంది."

"ఉంటది. మోగదు."

మధ్యాహ్నం దాటింది. చివరికి కర్ర ఎలాగో కుదురుకుంది. ఆమె ఊపిరి బిగబట్టి చువ్వను బయటికి లాగింది. బేస్‌ను ఇద్దరూ కలిసి మెల్లగా లేపి నిలబెట్టారు.

"ఇప్పుడు తీగలు బిగించు. ముందు లావుది, నాలుగోది."

ఆ తీగ పేరు చెప్పకపోయినా ఆమె చేతికి తెలుసు, తమ్ముడు తెచ్చిన పొట్లంలో అన్నిటికంటే బరువైనది. బిరడా తిప్పింది. తీగ సాగింది. చెక్క ఎక్కడో కిర్రుమంది.

"ఇంకొంచెం" అన్నాడు మాస్టారు, పలక మీద చెంప ఆనించి.

"భయమేస్తోంది మాస్టారూ."

"వెయ్యనీ. ఇంకొంచెం."

తిప్పింది. మిగతా మూడూ ఒక్కొక్కటే ఎక్కించింది. కమాను తీసుకుని లావు తీగ మీద ఒక్కసారి లాగింది. శ్రుతి కుదరలేదు, మోత బొంగురుగా ఉంది. అయినా అది నేలలోంచి కాళ్లలోకి ఎక్కింది. మాస్టారు కళ్లు మూసుకుని ఆ మోత పూర్తిగా ఆగేదాకా పలకకు ఆనుకునే ఉన్నాడు.

ఆమె అడిగింది. "శనివారం ఎలా ముగించను?"

"మూడు వదులు" అన్నాడాయన. "నాలుగోది ఉంచు."

హెప్సిబా కమానును పక్కన పెట్టింది. ముంజేయి కొంగుతో తుడుచుకుంది. బేస్‌ను సంచీలో పెట్టి, జిప్పు లాగి, పట్టీలు సరిచేసుకుంది. దాన్ని ఇక్కడే వదిలి వెళ్లాలని వచ్చిన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

ఆమె వంగి ఆ బరువును వీపున వేసుకుంది. మాస్టారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"మెట్లు చూసుకుని దిగమ్మా."