కుళ్ళిన గుడ్డు సాక్ష్యం

గాజు గొట్టంలో ద్రావణం మంచినీళ్ళలా తేటగా ఉంది. హైమ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది. నీలం జాడే లేదు.

ఊరి మురుగునీటి బావిలోంచి రబ్బరు సంచిలో పట్టి తెచ్చిన గాలిని ఆమె ఆ ద్రావణంలోకి బుడగలుగా పంపింది. పైన వేయాల్సిన మందులు వేసింది. ఆ గాలిలో విషవాయువు ఉంటే ద్రావణం నీలం తిరగాలి. తిరగలేదంటే లేనట్టే.

బావిలో మోటారు బాగుచేయడానికి దిగాల్సిన మనుషులు ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నారు. హైమ వాళ్ళ మేస్త్రీ నూకరాజుకి ఫోను చేసి, నిశ్చింతగా దిగమంది. ఆ తర్వాత మాస్టారి గదిలోకి వెళ్ళింది.

"విషం సున్నా సార్. ఎన్నిసార్లు చేసినా సున్నాయే," అంది. ఆ గొంతులో శభాష్ కోసం ఎదురుచూపు ఉంది.

ఇమ్మానుయేలు మాస్టారు ఆ ల్యాబులోనే జుట్టు నెరిసిన మనిషి. ఆయనకి కోప్పడడం చేతకాదు, పొగడడం అసలే చేతకాదు. "అలాగా," అని లేచి క్యాంటీన్ వైపు వెళ్ళారు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో కాగితంలో చుట్టిన కుళ్ళిన గుడ్డు ఉంది. హైమ ముక్కు మూసుకుంది.

కుళ్ళిన గుడ్డులోంచి వచ్చేదీ ఆ విషవాయువే. మాస్టారు గుడ్డుని ఒక సీసాలో పగలగొట్టి, మూత బిగించి, ఆ గాలిని హైమ అమర్చిన గొట్టాల్లోంచే పంపారు. మందులు వేశారు. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ద్రావణం తేటగానే ఉండిపోయింది.

"గుడ్డు కూడా శుభ్రంగానే ఉందటమ్మా," అన్నారు మాస్టారు.

హైమ గబగబా గొట్టాలు ఊడదీసింది. గాలి లోపలికి వచ్చే చోట, బిగింపు కింద, చిన్న దూది ఉండ కనిపించింది. బొగ్గులా నల్లబడి ఉంది.

అది తను పెట్టిందే. కిందటి వారం ఇదే సామానుతో బోరునీళ్ళలో ఆర్సెనిక్ వెతికింది. ఆ పరీక్షకి ఈ కుళ్ళు వాయువు అడ్డొస్తుందని, దాన్ని దారిలోనే పట్టి ఆపడానికి సీసం మందులో ముంచిన దూది పెడతారు. పని అయ్యాక తీయడం మరచిపోయింది. ఇప్పుడు దేన్ని వెతకాలో దాన్నే ఆ దూది గుమ్మంలో ఆపేసింది.

వెంటనే నూకరాజుకి ఫోను చేసింది. అది మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తరు. చివరికి నూకరాజు గొంతు వినిపించింది.

"దిగారా నూకరాజు గారూ?"

"ఇంకా లేదు మేడమ్ గారూ. తాడు పాతదైపోయిందని మావోడు పేచీ పెట్టేడు. కొత్తది తేడానికి ఎళ్ళేడు, రాగానే దిగిపోతాం. పొద్దున కంపు కొట్టింది గానీ ఇప్పుడు అదీ లేదండి."

ఆ వాయువు ఎక్కువైతే ముందు ముక్కే మొద్దుబారిపోతుందని హైమకి తెలుసు.

"దిగొద్దు! ఎవ్వరూ దిగొద్దు! అక్కణ్ణించి దూరంగా వెళ్ళిపోండి!" అని అరిచింది. అవతల "అలాగే అలాగే" అన్నాక స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. ఆ ఏడుపులో భయం తక్కువ, హమ్మయ్య అన్నదే ఎక్కువ.

మాస్టారు మంచినీళ్ళ గ్లాసు ఆమె పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

దూది తీసేసి, సంచిలో మిగిలిన గాలి పంపితే ద్రావణం సిరాలా నీలమైంది. ఆ రోజంతా పెద్ద ఫ్యాన్లు పెట్టి బావిలోకి మంచి గాలి కొట్టారు. మర్నాడు కొత్త సంచి వచ్చింది. హైమ పరీక్ష చేసింది. ద్రావణం తేటగా ఉంది.

నూకరాజు ఫోను చేశాడు. "దిగమంటారా మేడమ్ గారూ?"

"కాస్త ఆగండి," అని హైమ క్యాంటీన్‌కి నడిచింది.

"పోలమ్మగారూ, కుళ్ళిన గుడ్డేమైనా ఉందా?"

"ఇదేం గోలమ్మా! నిన్న ఆ పెద్దాయన, ఇయ్యాల నువ్వు! నా దగ్గిర మంచి గుడ్లు ఎవరూ అడగరేం?"

రెండు రోజుల్లో మొదటిసారి హైమకి నవ్వొచ్చింది.

గుడ్డు గాలి పంపి మందులు వేశాక, ఆమె కొత్తగా పోసిన ద్రావణం మెల్లగా రంగు తిరిగింది. అంత చక్కని నీలం తనెప్పుడూ చూడలేదనిపించింది. తలెత్తితే గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నారు.

హైమ ఫోను అందుకుంది. "ఇప్పుడు దిగండి నూకరాజు గారూ," అంది.