ఖాన్ గారి యుద్ధం బొమ్మ

అనగనగా, ఇసుక ఎడారులూ మంచుకొండలూ దాటి వెళితే, నీలం గుమ్మటాల పట్నం ఒకటి ఉండేదిట నాన్నా. ఆ పట్నాన్నేలే రాజుని ఖాన్ అనేవారు. అక్కడే నిగార్ అని, బొమ్మలు వేసే ఆవిడ ఉండేది. నీలం రాయి మెత్తగా నూరి రంగు తీసేది. ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కట్టుకునేది. ఆవిడ గుర్రం బొమ్మ వేస్తే, దాని ఊపిరి మన చెంపకి తగులుతుందేమో అన్నట్టుండేది.

ఒకసారి ఖాన్ ఏటి దగ్గర పెద్ద యుద్ధం గెలిచి వచ్చాడు. వస్తూనే నిగార్‌ని పిలిపించాడు.

"నా పుస్తకంలో ఆ యుద్ధం బొమ్మ ఉండాలి. మధ్యలో నేను, తెల్లగుర్రం మీద" అన్నాడు.

"చూసినవాళ్ళని అడిగి వేస్తాను ప్రభూ" అంది నిగార్.

అప్పుడు ముందుగా సేనాపతిని అడిగింది. "నా బాణాలతోనే గెలిచాం" అన్నాడాయన. ఆ తర్వాత నగారా వాయించే అతన్ని అడిగింది. "నా నగారా విని శత్రువులు పారిపోయారు" అన్నాడతను. ఆ తర్వాత గుర్రాలకి నాడాలు కొట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన పేరు తొక్తార్. ఆయన చేతిలో సుత్తి పక్కన పెట్టాడు.

"ఒడ్డు మీంచి చూశానమ్మా" అన్నాడు. "తెల్లగుర్రం ఏట్లోనే కూలిపోయింది. ఖాన్ మునిగిపోతుంటే, మా అబ్బాయి తన గుర్రం దిగి ఆయన్ని ఎక్కించాడు. ఆయన మళ్ళీ కనబడేసరికి అందరికీ ధైర్యం వచ్చింది. గెలిచారు. మావాడే ఒడ్డుకి రాలేదు. ఈ మాట ఎవరూ పైకి అనరు."

నిగార్ ఇంటికొచ్చి మూడు నెలలు కూర్చుని వేసింది. ఏరు వేసింది. గోధుమరంగు గుర్రం వేసింది. రొమ్ములోతు నీళ్ళలో నిలబడి భుజం ఇచ్చిన కుర్రవాణ్ణీ, ఆ భుజం మీద ఖాన్ పాదాన్నీ వేసింది.

"నీ చెయ్యి నరికిస్తాడే అక్కా" అంది చెల్లెలు.

"జరిగిందే వేశాను" అంది నిగార్.

సభలో బొమ్మ విప్పగానే అందరూ తలలు దించుకున్నారు. ఖాన్ అంటే మాటలా మరి!

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు ఖాన్.

నిగార్ ముసలాయన పేరు చెప్పలేదు. "అబద్ధమైతే చెప్పండి ప్రభూ, మీ ముందే తుడిచేస్తాను" అని తడిగుడ్డ పట్టుకుని నిలబడింది.

ఖాన్ బొమ్మకేసి చూశాడు. ఆ తర్వాత మెల్లిగా, "వాడి టోపీ నల్లది కాదు, ఎర్రది" అన్నాడు.

నిగార్ అక్కడే కూర్చుని, నలుపు గీకేసి ఎరుపు వేసింది. అప్పుడు ఖాన్ ఆ కుర్రవాడి తండ్రి తొక్తార్‌ని పిలిపించాడు. ముసలాయన ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు.

"మావాడే" అన్నాడు.

ఖాన్ గద్దె దిగి వచ్చి, ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఆ బొమ్మని చూస్తూ అలాగే ఉండిపోయారు.

కథేమో కంచి బాట పట్టింది,
మనకేమో ఇంటి ధ్యాస పుట్టింది,
నీ కంటికేమో కునుకు పట్టింది.