విత్తనాల గదికి తాళం

అనగనగనగా... ఊ కొట్టేవాళ్ళుంటేనే చెప్తా, నిద్రపోయేవాళ్ళకు నేను చెప్పను. ఒక మెట్ట ఊళ్ళో ఓబుళప్ప అని ఒక రైతు, ఆయన పెళ్ళాం సుంకమ్మ, వాళ్ళ కొత్త కోడలు చౌడమ్మ ఉండేవాళ్ళు. కొడుకా? లారీ మీద పనికి పోయాడు, వాడితో మనకు పనిలేదు.

వాళ్ళ పెరట్లో సర్కారువాళ్ళు మరుగుదొడ్డి కట్టించి పోయారు. సిమెంటు గోడలు, స్లాబు, రేకు తలుపు. ఓబుళప్ప చుట్టూ తిరిగి చూశాడు. వాళ్ళుండే మట్టి మిద్దె నాలుగు చోట్ల కారుతుంది, ఇదేమో చుక్క దిగదు. ఇంత మంచి గదిని దానికి వాడతామా అని విత్తనం వేరుశెనగ మూటలు అందులో పేర్చి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు, మహానుభావుడు. సుంకమ్మా సరేనంది. పొయ్యికి ఇంత దగ్గర్లో ఆ పనేంటి, ఇల్లు మైలపడదా అని ఆమె బాధ.

మరి ఆడవాళ్ళు ఎక్కడికి పోవాలి? జొన్నచేనుకి. చేను ఉన్నన్నాళ్ళు చేను అడ్డం. చేను కోసేస్తే గట్టు అడ్డం. ఆ ఏడు పక్క పొలమాయన గట్టు కూడా చదును చేసేశాడు. గట్టు పోతే ఇంకేం అడ్డం? చీకటి అడ్డం. ఊ కొడుతున్నారా?

చౌడమ్మకు అప్పుడు ఆరో నెల. పొద్దు గుంకేదాకా ఆగాలి కదా, అందుకని నీళ్ళు తాగడం మానేసింది. మండే ఎండల్లో గొంతు తడుపుకుని చెంబు దించేసేది. ఒంట్లో మంట, కళ్ళు తిరగడం. నర్సమ్మ వచ్చి చూసి, ఇలాగైతే బిడ్డకు ముప్పు అని గట్టిగా చెప్పింది. చౌడమ్మ తాళంచెవి అడిగింది. మామ వినలేదు. మేమంతా కనలేదా అంది అత్త. చెప్తుంటేనే నాకు కడుపు మండుతుంది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం పెద్ద వాన. ముందురోజు ఊరి దేవర జాతరలో తిన్నది పడక సుంకమ్మకు కడుపు కదిలింది. గడప దాకా పోయింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. ఎదురుగా బోడి చేను, దాని అంచున చెట్టు కింద తలదాచుకున్న కూలీలు పదిమంది. చీకటి పడాలంటే ఇంకా ఆరు గంటలు. గోడ పట్టుకుని, చెమటలు కారుతుంటే, మొగుణ్ణి తాళంచెవి అడిగింది.

ఓబుళప్ప మొలతాడు పట్టుకుని నిలబడిపోయాడు. మూటలు బయటపెడితే తడుస్తాయి. విత్తనం తడిస్తే ఏడాది తిండి పోతుంది. తాళంచెవి ఇవ్వనూ లేడు, పెళ్ళాం ముఖం చూడనూ లేడు.

మిద్దెలో కారని మూల ఒక్కటే, చౌడమ్మ మంచం ఉన్న మూల. ఆమె పక్కబట్టలు తీసి కింద పడేసింది.

"మూటలు ఈడ పెట్టు మామా. నేను కిందనే పండుకుంటా. ముందు అత్తను సూడు."

ఓబుళప్ప పరిగెత్తాడు. ఒక మూట, రెండు మూటలు, మూడు మూటలు, పైన గోనెపట్ట కప్పి మోశాడు. నాలుగోది గడప దాటిందో లేదో, సుంకమ్మ గదిలోకి దూరి తలుపు వేసుకుంది.

చాలాసేపటికి బయటికి వచ్చింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, కుండలో చెంబు నిండా నీళ్ళు ముంచి, కోడలి చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"తాగు. అడుగు కనపడేదాకా తాగు. ఇంగ చీకటి కోసరం సూడొద్దు."

చౌడమ్మ గటగటా తాగింది. సుంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మరుసటి ఎండాకాలానికల్లా ఓబుళప్ప మిద్దె మీద కొత్త మన్ను వేయించాడు, చౌడమ్మ ఒళ్ళో ఆడపిల్ల ఆడింది. విత్తనానికి చూసిన చోటు ఇంటి మనిషికి ముందు చూడాలర్రా, అంతే.

ఇప్పుడు చెప్పండి, ఆ ఇంట్లో ఏం అడ్డం? ఆ, తలుపు అడ్డం. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.